ఒకటే ఉంచాలట

పూతలపట్టు కూడలిలో మా నెట్ సెంటర్ మూసేశాక కోడలు సుగుణ కంప్యూటర్‌లో లినక్స్ అప్‌డేట్ చేస్తోంది. చనిపోయిన మా అమ్మాయి కోమలి అందులో ఒక ఫైలు మార్చి, కంప్యూటర్ ఆపినప్పుడల్లా తెర మీద “పొయ్యొస్తానమ్మా” అని పడేలా పెట్టింది. పోతానని ఏనాడూ అనని పిల్ల. ఇప్పుడు అప్‌డేట్‌తో పాటు అదే పేరుతో కొత్త ఫైలు వచ్చింది. పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని కంప్యూటర్ అడుగుతోంది.

“పాతదే ఉంచు మే. దాని మాట అదొకటే మిగిలుండాది.”

“తెలుసులే అత్తా, తీసేస్తే నన్ను తినేస్తావు. తేడా యాడుండాదో సూస్తాండా.”

రోడ్డు మీద లారీల చప్పుడు ఆగిపోయింది. తెర మీద రెండు వరుసలు పడ్డాయి.

పాత ఫైలులో, “పొయ్యొస్తానమ్మా.”

ఎక్కడివాళ్ళో చేసి పంపిన కొత్త ఫైలులో, “వచ్చినానమ్మా.”

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

“అత్తా,” అంది సుగుణ మెల్లగా, “ఏది ఉంచమంటావు?”