అంగుళం చెక్క

"మోటారు కొత్తది, పడవ గట్టిది. మరి బురదలో దున్నపోతు మాదిరి ఈడస్తాందేందప్పా?" అన్నాడు తిమ్మన్న.

యేసురత్నం పడవ వెనకపలకకు తగిలించిన మోటారు మీదికి వంగి చూశాడు. జమ్మలమడుగులో అతనిది బోరు మోటార్లు బాగుచేసే షాపు. మైలవరం డ్యాం నీళ్ల మీద మోటారు పడవలు రెండే. ఒకటి ఈ దరిన చేపల వేలంపాట పాడుకున్న తిమ్మన్నది. రెండోది ఆ దరి పాటదారుది. ఇద్దరిదీ చెరో పార్టీ. ఇద్దరి మధ్యా మూడు మైళ్ల నీళ్లూ, ఐదు శవాలూ ఉన్నాయి.

"బోర్లు చేసేటోనికి పడవ సంగతి ఏం తెలుసన్నా?" అన్నాడు ఇస్మాయిల్, తిమ్మన్న మనిషి, అతని వెనకాలే నిలబడి.

యేసురత్నానికి రోషం వచ్చింది. "ఏందట్లంటావు మామా? పోయిన నెల ఒకాయప్ప పడవకు మోటారు కింద మూడు చెక్కలేసి లేపినా. ఇప్పుడు బాణం మాదిరి పోతాంది. ఎవురిదని మాత్రం అడగొద్దు. నా నోట్లో నుంచి రాదు."

ఎవరూ అడగలేదు. అడగకపోయినా, చెప్పనందుకు అతనికి తన మీద తనకే గౌరవం కలిగింది. పొద్దున బయలుదేరుతుంటే భార్య ఎలిజబెత్, "పోతాండావు సరే, నోరు ఇంట్లో పెట్టిపో" అంది. పెట్టే వచ్చాను చూడు, అనుకున్నాడు.

జబ్బు తెలిసిపోయింది. మనుషులెక్కితే పడవ కుంగుతోంది. దాంతో మోటారు మరీ లోతుకు దిగి నీళ్లను ఈడుస్తోంది. పైకి లేపాలి. ఎంత? ఎక్కువ లేపితే రెక్కలు నీళ్లు వదిలేసి గాలిలో ఊరికే తిరుగుతాయి. పడవలో ఎంతమంది ఎక్కుతారో తెలిస్తే గానీ లెక్క తేలదు.

అడగబోయి నోరు మూసుకున్నాడు. తిమ్మన్న వెంట ఎందరు తిరుగుతారని అడిగేవాణ్ణి ఈ చుట్టుపక్కల మెకానిక్ అనరు, వేగులవాడంటారు. నిరుడు ఒక నాయకుడి జీపుకు గాలి కొడుతూ ఒకడు, "ఎందరెక్కుతారన్నా?" అని అడిగాడు. గాలి ఎంత పట్టాలో చూసుకోవడానికే అడిగాడు పాపం. ఇప్పుడు ముద్దనూరులో ఎడమచేత్తో గాలి కొడుతున్నాడు.

యేసురత్నం ప్రశ్నకు వేషం మార్చి చూశాడు.

"బరువు... ఎన్ని బస్తాలుంటాదన్నా?"

"బస్తాలేంది? పడవలో శనక్కాయలు తోలుతానా నేను?"

"కాదన్నా... అంటే... తలకాయలు..."

ఇస్మాయిల్ ఒక అడుగు ముందుకు వేశాడు. "ఎవురి తలకాయలు? ఎవురు లెక్కబెట్టుకోని రమ్మన్యారు నిన్ను?"

యేసురత్నం ఒక అడుగు వెనక్కి వేశాడు. చావుకన్నా, 'తెలివితక్కువగా చచ్చాడు' అంటారేమోనన్న భయమే తనకు ఎక్కువగా ఉందని ఆ అడుగులోనే గమనించాడు. ఇలాంటప్పుడు గమనించడమేమిటని తనను తానే తిట్టుకున్నాడు. అంతలో ఉపాయం తట్టింది.

"నాకు లెక్క చెప్పొద్దన్నా! వద్దే వద్దు. అంగుళం మందం చెక్కలు కోసిచ్చి పోతా. నలుగురు మనుషులకు ఒక చెక్క. ఈ రకం పడవ ఎవురిదైనా ఇదే లెక్క. ఎందరెక్కుతారో మీకు తెలుసు, మీరే వేసుకోండి. నేను ఆ పక్కకు తిరిగి నిలబడతా."

అన్నట్టే తిరిగి నిలబడ్డాడు. తన తెలివి తనకే ముద్దొచ్చింది. ఎవరి గుట్టూ వినలేదు, ఎవరి గుట్టూ చెప్పలేదు. రెండు పార్టీల మధ్య బతకడమెలాగో కుర్రవాళ్లకు పాఠం చెప్పొచ్చనిపించింది. ఇంటికి పోయి ఎలిజబెత్ ముందు ఈ కథ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకున్నాడు.

కాసేపటికి వెనక్కి ఓరగా చూశాడు. తిమ్మన్న ఆ దరి వైపు కళ్లు చికిలించి, బొటనవేలితో కణుపులు లెక్కపెడుతున్నాడు.

"ఇస్మాయిలూ, మూడు చెక్కలన్యాడు గదా, నాలుగు మూళ్లు పన్నెండు. ఆ దరాయప్ప పన్నెండు మందితో తిరుగుతాండాడు. మన పడవకు నాలుగు చెక్కలెయ్యమను."