మూడు రోజుల నీలం

"నీలం నాకు పడలేదు ఆంటీ, వెనక్కి తీసుకోండి," అంటూ మహీధర్ వాచీని కౌంటర్ మీద పెట్టాడు.

కెనడాలోని సార్నియాలో వాచీల షాపు నడిపే హైమావతి తెల్లబోయింది. "నీలం ఏంటి బాబూ? నువ్వు కొన్నది కీ ఇచ్చే వాచీ కదా!"

"దాని అద్దం సఫైర్ కదా. సఫైర్ అంటే నీలం, శనిగారి రాయి. మూడు రోజులు దిండు కింద పెట్టుకుని చూడమన్నారు మా సిద్ధాంతిగారు."

పైచదువుకని ఇక్కడికొచ్చిన మహీధర్ మెటలర్జీలో బీటెక్. సఫైర్ అద్దాన్ని ఫ్యాక్టరీలో ఎలా చేస్తారో పరీక్షలో నాలుగు పేజీలు రాసినవాడే.

"చూశావా మరి?"

"మొదటిరోజే నేను పార్ట్ టైం చేసే స్టోర్‌లో షిఫ్టులు కట్ చేశారు. రెండోరోజు ఇంటర్వ్యూ క్యాన్సిల్. మూడోరోజు ఇంటి ఓనర్ మా అద్దె బేస్‌మెంట్‌లోకి ఏడో మనిషిని దింపాడు. నాకు మామూలు అద్దందే ఇవ్వండి."

హైమావతి వాచీని లైటు కింద తిప్పింది. అద్దం మీద సన్నని గీత కనిపించింది.

"దిండు కింద ఇంకేం పెట్టావు?"

"ఇంటి తాళాలు."

"తాళాలకి సఫైర్ గీసుకుపోదు నాయనా. పొరపాటు నాదే, నీకు మామూలు అద్దందే ఇచ్చా. నీ నీలం ఇదిగో, డబ్బాలోనే ఉంది."

మహీధర్ నోరు తెరిచాడు. శనిగారు మూడు రోజులూ ఈ షాపు దాటనే లేదన్నమాట. "మరి నా షిఫ్టులు ఎవరు తీసేసినట్టు?"

హైమావతి సొరుగులోంచి కాగితాల కట్ట తీసింది. "మొన్న హెల్పర్ కావాలని బోర్డు పెట్టా. మూడు రోజుల్లో నూట నలభై రెజ్యూమెలు, అన్నీ మీ స్టూడెంట్లవే. ఇంతమందికీ నీలమే పడలేదంటావా?"

మహీధర్ ఆ కట్టవంక చూశాడు. తర్వాత బ్యాగ్ జిప్పు లాగి, నూట నలభై ఒకటోది తీసి దానిమీద పెట్టాడు.