ఏడు టబ్బుల రాయమల్లు

"శ్యామలా, నాలుగింటికి కంపెనీ పెద్దసారు వస్తున్నడు. ఆలోపు ఈ బోర్డు పీకెయ్యి," అన్నాడు ట్రైనింగు ఇన్‌ఛార్జి వామనరావు.

శ్యామల బోర్డుకు అడ్డంగా నిలబడింది. నెల రోజులు చెమటోడ్చి తయారుచేసుకున్న బోర్డు అది. "రాయమల్లు. 1948లో బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఒక్క షిఫ్టులో ఏడు టబ్బుల బొగ్గు నింపిన మనిషి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాసింది. టబ్బంటే పట్టాల మీద నడిచే ఇనప బొగ్గు బండి.

"పాత హాజరు పట్టీల చూసే రాసిన సార్."

"గుమాస్తా నిద్రమత్తుల మూడును ఏడు చేసి ఉంటడు. ఆ రోజుల్ల మూడు నింపితేనే పహిల్వాన్ అనేటోళ్లు. అబద్ధాలు రాసినోళ్ల ట్రైనింగు సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్ట."

ఆ సంతకం లేకపోతే కాలేజీలో పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష తప్పితే ఇంట్లో చదువు మాన్పించేస్తారు. ఆ సంగతి వామనరావుకూ తెలుసు. ఇద్దరిదీ ఒకే ఊరు, మంథని.

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ కొత్తగా కట్టిన ప్రదర్శన బాయి అది. మిషన్లు రాకముందు చేతులతో బొగ్గు ఎట్లా ఎత్తేవాళ్లో వచ్చిన జనానికి చేసి చూపించాలి. అందుకని ఎనిమిది మంది కాలేజీ పిల్లల్ని నెల రోజుల ట్రైనింగుకు తెచ్చి, ఒక్కొక్కరిని ఒక్కో పాత కార్మికుడి చేతికి అప్పజెప్పారు. శ్యామలకు గురువు రాయమల్లు. నిరుడే రిటైరై డ్యూటీ దిగిపోయాడు. ఎంత మంచివాడో చెప్పలేం. టబ్బు కనిపిస్తే చాలు, పాత ఎద్దును నిమిరినట్టు నిమిరేవాడు.

శ్యామల పరుగున బయటికి వెళ్లింది. రాయమల్లు రేకుల నీడన కూర్చుని భార్య లింగవ్వ తెచ్చిన సద్ది తింటున్నాడు.

"కాకా, నువ్వు నిజంగ ఏడు టబ్బులు నింపినవా?"

రాయమల్లు ఎత్తిన ముద్దను గిన్నెలో పెట్టేశాడు. ఒకసారి లింగవ్వ దిక్కు చూశాడు.

"పట్టీల ఉన్నది గదా బిడ్డా," అన్నాడు మెల్లగా.

వెనకే వచ్చిన వామనరావు గడియారం చూసుకున్నాడు. "ఎనిమిది గంటలకు ఏడంటే, ఇంచుమించు గంటకొకటి. ఒక్క గంటల ఒక్క టబ్బు నింపి చూపియ్యి రాయమల్లూ. బోర్డు ఉంటది, ఈ పిల్లకు సంతకం పెడత."

రాయమల్లు చెయ్యి కడుక్కుని లేచాడు. చెమ్మస్ అందుకున్నాడు. బొగ్గెత్తే వెడల్పాటి పార అది. వంగి నాలుగు పారలు ఎత్తాడో లేదో దగ్గు అందుకుంది. ఆగాడు, మళ్లీ ఎత్తాడు. అరగంట గడిచినా టబ్బు అడుగు నిండి కాస్త పైకి వచ్చిందంతే. శ్యామలకు ఏడుపొచ్చింది. తన చదువు కోసం ఈ ముసలాయన ప్రాణం తీస్తున్నానే అనుకుంది.

"చాలు కాకా. బోర్డు తీసేద్దాం."

"ఇటియ్యి," అంది లింగవ్వ.

చీర కుచ్చిళ్లు గోచీ పోసి బిగించింది. మోకాలి మీద కూర్చుంది. పెద్ద పెళ్లలు ఏరి టబ్బు అంచుల వెంట గోడలాగా పేర్చింది. ఆ తర్వాత చెమ్మస్‌ను తొడతో తోస్తూ, నడుము తిప్పుతూ, ఒక్క బొగ్గు పలుకు కింద పడకుండా నడుమ నింపుతూ పోయింది. గంటకు ఇంకో ఎనిమిది నిమిషాలున్నాయనగా టబ్బు నిండింది.

వామనరావు టబ్బు చుట్టూ తిరిగి చూశాడు. "అవ్వా, ఈ పని ఎక్కడ నేర్చినవ్? నలభై ఆరు తర్వాత ఆడోళ్లను బాయిలకు దిగనియ్యలేదు గదా?" అని అడిగాడు.

లింగవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. "ధోతి కట్టి, నెత్తికి రుమాలు సుట్టి, చీకటుండంగనే మొదటి షిఫ్టుకు దిగేది సారూ. మొకానికి మసి పట్టినంక మొగోడేంది, ఆడిదేంది? మంచినీళ్లు తాగినట్టు నింపేదాన్ని. గా రోజులు యాదికొస్తే ఇప్పటికీ పానం గుంజుతది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. శ్యామల వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. వామనరావు మాత్రం సామాన్యుడా, లెక్క తేలనిదే వదలడు.

"పట్టీల లింగవ్వ అనే పేరు లేదు. అంటే ఆ ఏడు టబ్బులు నింపింది నువ్వన్నమాట."

"అవు సారూ. నేనే."

వామనరావు జేబులోంచి పెన్ను తీసి శ్యామల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. "బోర్డు మార్చి రాయి తల్లీ. భర్త రాయమల్లు పేరు వాడుకొని, దొంగచాటుగ ఏడు టబ్బులు నింపిన లింగవ్వ అని."

శ్యామల సంతోషంగా కుంచె అందుకుంది. రాయమల్లు అడ్డం వచ్చాడు. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాట కాబట్టి, చెప్పాలా వద్దా అని భార్య ముఖం చూశాడు. ఆమె తలూపింది.

"గట్ల కాదు సారూ, ఉల్టా. రాయమల్లని పేరు రాయించుకొని ముందుగాల డ్యూటీకెక్కింది ఈ లింగవ్వనే. పిల్ల పుట్టినంక ఇది ఇంటికాడ ఉండి, ఆ పేరు మీద నన్ను డ్యూటీకి తోలింది. నా అసలు పేరు పోశం."