అర చుట్టు వెనక్కి

రాత్రి నిడదవోలు షెడ్డులో మెకానిక్ అబ్బులు, కారు ఇంజన్‌లో ప్లగ్ బిగించే చోట అరిగిపోయిన మరల్ని కొత్తగా కోస్తున్నాడు. మరలు కోసే పనిముట్టు ట్యాప్. దాని పిడిని ముందుకో చుట్టు తిప్పి, రజను తెగేందుకు వెనక్కి అర చుట్టు తిప్పాలి.

"ఆరింటికల్లా మా అమ్మని ఆపరేషన్‌కి రాజమండ్రి తీసుకెళ్లాలండి," అన్నాడు కారు యజమాని యుగంధర్.

"అబ్బులు చెయ్యి పడ్డాక కదలని బండుందేంటండీ? మీరు పడుకోండి."

యుగంధర్ బల్ల మీద నిద్రపోయాడు. అబ్బులు ముందుకో చుట్టు తిప్పి, చెమట తుడుచుకోడానికి చెయ్యి తీశాడు. పిడి తనంతట తానే అర చుట్టు వెనక్కి తిరిగింది.

"పనొచ్చినోడివే! సాయం పట్టు మరి," అని నవ్వాడు అబ్బులు. అతను ముందుకీ, కనపడని ఆ చెయ్యి వెనక్కీ, అలాగే ఇద్దరూ కోశారు. లోతు సరిపోయింది. ఇంకొక్క చుట్టు దిగితే ఇంజన్ పాడే.

"చాల్లే, అయిపోయింది," అన్నాడు.

పిడి కిర్రుమంటూ ముందుకు కదిలింది. అబ్బులు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. అది అతని చేతులతో సహా తిరిగింది.