గడప లోపలి బండ

మహానంది సుత్తి పిడితో బండను తట్టాడు. డబ్‌మని మోగింది. పక్క బండను తట్టాడు. గట్టిగా పలికింది.

"అన్నీ బిగువుగా ఉండాయి పెద్దమ్మా. పీకే పని లేదు, గమ్ము పూసి వీటి మీదనే టైల్స్ అతికిస్తా. గడప లోపలి ఈ బండ ఒక్కటే డొల్ల. దీన్ని లేపి, కింద రాతిపొడీ సిమెంటూ దట్టించల్ల."

"దాన్ని ముట్టుకోవాకప్పా," అంది విశ్వాసమ్మ, బయట అరుగు మీద టీ గ్లాసు పెడుతూ. "లోపలి గది ఇంగోసారి చూద్దువులే, రా."

మహానంది వచ్చి కూర్చున్నాడు. "డొల్ల మీద టైలు నిలవదు. బిందె పడితే పగులుతాది."

"ఐతే దాని మీద ఎయ్యొద్దు."

"గుంట మాదిరి ఉంటాది. టైల్స్ కొనిచ్చిన నీ కూతురు వచ్చి నన్నే తిడతాది."

"స్తుతికి నేను చెప్పుకుంటా."

"ఇంత బాగా పరిచినోడు ఆ ఒక్కటీ ఎట్ల ఒదిలేసినాడు? ఎవురు ఆ మేస్త్రి?"

"మా ఆయనే. ఏసేపు మేస్త్రి. ఊరందరి ఇండ్లలో బండలు పరిచినోడికి, సొంతింటికొచ్చేసరికి కింద ఇసుక దట్టించను ఒళ్లు వంగలే." ఆమె నవ్వింది. "పెండ్లయిన కొత్తల్లో శానా తాగుతాండె. చెప్పులు చంకలో పెట్టుకోని పిల్లి మాదిరి లోపలికొస్తాండె. ఈ బండ డబ్బుమనేది. పండుకున్న కాడి నుంచే 'వచ్చినావా దొరా' అనేదాన్ని. నేనేసిన బండే నన్ను పట్టిచ్చెనే అని తల పట్టుకుంటాండె."

"మళ్లీ లేపి సరిగ్గా ఎయ్యలేదా?"

"నేను ఎయ్యనిస్తే గదా."

మహానంది ఇక వాదించలేదు. వాళ్లమ్మ కూడా, నాయన పోయినాక ఆయన తలగుడ్డను ఉతకకుండా పెట్టెలో దాచుకుంది.

"సరే పెద్దమ్మా, గుర్తుగా ఉండనీలే. చుట్టూ టైల్స్ ఏసి, కాలు తట్టుకోకుండా అంచులు వాలుగా తీస్తా."

విశ్వాసమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో వెనక డబ్‌మని మోగింది.

ఆమె తిరిగి చూడకుండానే చెయ్యి చాపి గడపకు అడ్డం పెట్టింది, ఆ తర్వాతే తల తిప్పింది. మహానంది తలెత్తాడు. పంచె జారిపోతున్న ముసలాయన ఒకడు ఆ బండ మీద నిలబడి, కొత్త మనిషిని చూసినట్టు ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"అమ్మా, మా ఇల్లు యాడుండాది?" అన్నాడు ఏసేపు.