కీ మారిన కబురు

"సంతకం చెల్లదు."

ఆ పొద్దున గుడారి మిషన్ ఆస్పత్రిలో ఏ కంప్యూటరు తెరిచినా అదే ముక్క. ఒక్క నర్సుకీ లాగిన్ కావడం లేదు. ఓపీ చీటీల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. మేట్రన్ రూతమ్మ గారు విసురుగా కంప్యూటర్ గదిలోకి వచ్చారు.

"ఏటమ్మీ ఫేబా, మళ్ళీ ఏటొచ్చింది దీనికి?"

"రాయగడ పెద్దాఫీసులో కీ మార్చేరు మేడమ్. కొత్తది తెచ్చుకోవాల."

"మారిస్తే దానంతటదే తెచ్చుకుంటాదంట కదా! మిగతా ఆస్పత్రులన్నీ సుబ్బరంగా నడుస్తన్నాయి. మనకే ఎందుకీ రోగం?"

ఫేబ తలొంచుకుంది. సంగతి చిన్నదే. లాగిన్ అయ్యే ప్రతివాళ్ళకీ పెద్దాఫీసు ఓ టోకెన్ మీద సంతకం పెట్టి పంపుతుంది. బ్యాంకువాళ్ళు నమూనా సంతకంతో పోల్చి చూసినట్టు, ఇక్కడి కంప్యూటరు దాన్ని సరిచూసి లోపలికి రానిస్తుంది. సంతకం పెట్టే కీ రాయగడ గడప దాటదు. సరిచూసే పబ్లిక్ కీ మాత్రం ఇంటర్నెట్‌లో ఓ పేజీలో బాహాటంగా ఉంటుంది. దారినపోయే దానయ్య కూడా తెరిచి చూడొచ్చు. అక్కడ అది మారినప్పుడల్లా ఇక్కడికి తెచ్చుకోవాలి. 'ఆటోమేటిక్' అన్నచోట ఒక్క టిక్కు పెడితే ఆ పని కంప్యూటరే చూసుకుంటుంది.

ఆ టిక్కుని ఫేబ కావాలనే తీసేసి ఉంచింది.

ఎందుకంటే, కీ మారినప్పుడల్లా రాయగడ నుంచి సూర్యారావు గారు ఫోన్ చేస్తారు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో "పెద్దాఫీసు సూర్యారావునమ్మీ" అని పరిచయం చేసుకున్న పెద్దాయన. "కొత్త కీ పెట్టేరు, తెచ్చుకో" అన్నది ఒక్క ముక్క. ఆ తర్వాతంతా కబుర్లే. ఏటి వండుకున్నావు, సంతకి కంద వచ్చిందేటి, వాన పడిందేటి. ఫేబ గుడారి వచ్చి ఏడాదయింది. ఊరంతా ఒడియా, డ్యూటీలో హిందీ. రూతమ్మ గారు తెలుగావిడే గాని ఆ నోట పని మాట తప్ప ఇంకో పలుకు రాలదు. "తిన్నావా" అని అడిగే మనిషి ఆయనొక్కరే. ముఖమైనా చూడని ఆ మనిషి ఫోన్ కోసం నెలంతా ఎదురుచూస్తుందామె. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఒంటరితనం ఎవరిది వాళ్ళకే తెలుస్తుంది.

ఎప్పుడూ ఆస్పత్రి తెరవకముందే వచ్చే ఫోన్ ఇవాళ రాలేదు.

"నా ఎదురుగానే ఆ ఆటోమేటిక్ పెట్టు. ఇంకోసారి వరస ఆగిందంటే నువ్వు పెట్టె సర్దుకోడమే" అన్నారు రూతమ్మ గారు.

ఫేబ కొత్త కీ తెచ్చింది. నర్సులకు లాగిన్ అయింది, వరుస కదిలింది. మేట్రన్ వెనకే నిలబడి చూస్తుండగా ఆ టిక్కు కూడా పెట్టింది. ఇక కీ మారిన కబురు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మీ, కీ మార్చేరు. నేనే ఆలీసం సేసేను. రాత్రి నుంచి జొరం. ఇబ్బంది పడ్డావేటి?"

సూర్యారావు గారి గొంతు బొంగురుపోయి ఉంది. ఫేబ కంప్యూటరు వైపు చూసింది. ఇకమీదట అక్కర్లేదని ఇప్పుడే చెప్పెయ్యాలి. నోరు రాలేదు.

"లేదు బాబాయ్ గారూ. ఇంకా తేలేదు. మీరు సెప్తారనే సూస్తన్నాను."

"అదీ! నేన్లేకపోతే నీకు పనవదు." ఆయన దగ్గుతూనే నవ్వారు. "ఏటి తిన్నావు?"

"పఖాళ."

"మళ్ళీ సద్దన్నమేనా? కూసింత పప్పెట్టుకోలేకపోయేవా?"

"నా సంగతి సరే. జొరంలో డ్యూటీకెందుకెళ్ళేరు? ఇంటికెళ్ళి పడుకోండి."

"ఎలాగమ్మీ? ఆఫీసన్నాక సూసుకునేవోడుండాల కదా. నేనొక్క రోజు రాపోతే ఇక్కడ అన్నీ ఆగిపోతాయి."

ఫోన్ పెట్టేశాక ఫేబకి ఒళ్ళు మండింది. జ్వరంతో ఉన్న పెద్దాయన చేత పని చేయించుకోవడానికి వాళ్ళకి మనసెలా వచ్చింది? మేట్రన్ చీవాట్లు పెట్టినప్పుడు రాని ధైర్యం ఇప్పుడొచ్చింది. మొదటిసారి తనే పెద్దాఫీసుకి ఫోన్ కలిపింది. కంప్యూటర్ల సెక్షన్లో రాజ్‌కుమార్ అనే ఆయన ఎత్తాడు.

"సూర్యారావు గారికి రెండ్రోజులు సెలవియ్యండి సార్. జొరంతో డ్యూటీ సేస్తన్నారు. కీ మారిన కబురు నాకు ఆలీసంగా సెప్పినా పర్లేదు."



"కీ మారిందని మేం ఎవరికీ ఫోన్లు సెయ్యమండి. సూర్యారావు గారు రిటైరై ఈ దసరాకి మూడేళ్ళు."