కుక్క ఉన్నోళ్లకు ఇయ్యం

“లెక్కల సారంటే మాకూ మంచిదే. మా పిల్లగాడు లెక్కలల్లనే తప్పుతున్నడు,” అంటూ ఇంటాయన తాళంచెవి తీసుకొని వాకిట్లోకి వచ్చాడు.

సూర్యాపేటలో ఆ ఆదివారం వాళ్లు చూసిన మొదటి ఇల్లు అది. రెండు గదులు, వెనక చేదబావి. గోడ మీద ‘ఇల్లు కిరాయికి ఉన్నది’ అని సుద్దతో రాసి ఉంది.

“పేరేంది సార్?”

“దేవ్‌సింగ్.”

“ఏ ఊరు?”

“దామరచర్ల పక్కన తండా. ఇక్కడ హైస్కూల్ల చేరి నెలయింది. రోజూ రెండు బస్సులు మారి వస్తున్న.”

తాళంచెవి ఇంటాయన చేతిలోనే ఉండిపోయింది. ఆయన చూపు దేవ్‌సింగ్ మీంచి, పక్కన నిలబడ్డ ఎనిమిదేండ్ల కూతురు నీలా మీదికి, నీలా చేతిలోని తాడు మీదికి పోయింది. తాడు చివర గోధుమరంగు కుక్క కూర్చొని ఉంది. చూపు అక్కడ ఆగింది.

“కుక్క మీదేనా?”

“మాదే.”

“జర ముందుగాల చెప్పొద్దా సార్. కుక్క ఉన్నోళ్లకు ఇయ్యం.”

రెండో ఇంట్లో ఒకావిడ తలుపు సగమే తీసి, ఊరూ పేరూ అడిగింది. ఆమె వెనక గొలుసుకు కట్టేసిన నల్లకుక్క ఒకటి ఉంది. “మాకే ఒకటున్నది. రెండైతే కొట్లాడుకుంటయ్,” అని తలుపేసింది. నల్లకుక్క ఒక్కసారి కూడా మొరగలేదు.

మూడో ఇంటి పెద్దాయన మర్యాదస్తుడు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. తండా మాట విన్నాక కాసేపు కండువా సర్దుకున్నాడు.

“మాకు పూజలు, పునస్కారాలు ఉంటయ్ సార్. కుక్క తిరిగితే కష్టం. దాన్ని ఎవరికన్న ఇచ్చి రాండ్రి, అప్పుడు సూద్దాం.”

దేవ్‌సింగ్ నమస్కారం పెట్టి లేచాడు.

వీధి చివర ఒక గోడ నీడన ఆగారు. ఎండ ఎక్కింది. ఈ వారంలో నీలాను ఇక్కడి ప్రైమరీ బడిలో చేర్పించకపోతే నాలుగో తరగతిలో సీటు ఉండదని అక్కడి హెడ్మాస్టరు ముందే చెప్పాడు. దేవ్‌సింగ్ బన్ను రెండు ముక్కలు చేసి కూతురికి ఒకటి, కుక్కకు ఒకటి ఇచ్చాడు.

“బాపూ, భూరిని తండాల ఇడిసొస్తే ఆ తాత ఇల్లిస్తడట కద,” అంది నీలా.

“ఇడవద్దు బిడ్డా. అది మనతోనే ఉంటది.”

“మరి ఇల్లు?”

“దొరుకుతది.”

నీలా గొంతుక్కూర్చొని కుక్క చెవులు రెండూ పట్టుకుంది. “సూసినవా, నీ వల్లనే మాకు ఎవ్వరూ ఇల్లిస్తలేరు. జర మంచిగుండు. ఎవరన్న వస్తే ముందుకు ఉరకకు.”

కుక్క ఆమె ముక్కు నాకింది. నీలా నవ్వి, మిగిలిన బన్ను తినసాగింది. దేవ్‌సింగ్ తల అటు తిప్పుకున్నాడు.

నాలుగో ఇల్లు సుగుణమ్మది. దవాఖానలో నర్సు పని చేసి రిటైరైన మనిషి. ప్రార్థనకు పోయి అప్పుడే వచ్చినట్టుంది, చంకలో బైబిలు ఉంది. ఈసారి దేవ్‌సింగే ముందుగా చెప్పాడు.

“అమ్మా, మాకు కుక్క ఉన్నది.”

“ఉండనీ. పేరేంది?”

“భూరి,” అంది నీలా.

“దాని పేరు కాదు, నీ పేరు.”

“నీలా.”

“మాది తండా అమ్మా,” అన్నాడు దేవ్‌సింగ్.

“నేనడిగిన్నా?” అంటూ సుగుణమ్మ గొళ్లెం తీసింది. “గదులు చిన్నయి. వాన కొడితే వంటింట్ల ఒక మూలకు కురుస్తది. చూసుకోండ్రి.”

నీలా తాడు వదిలేసి లోపలికి పరిగెత్తింది. ఆమె కిటికీలు లెక్కపెట్టడం బయటికి వినిపిస్తోంది. సుగుణమ్మ సొట్టగిన్నెలో ఇంత సద్దన్నం తెచ్చి కుక్క ముందు పెట్టింది. అది తోకాడిస్తూ తింటుంటే, దాని వీపు నిమిరింది.

“పాపకు బాగ మచ్చికైంది. ఎన్నేండ్ల సంది సాదుతున్నరు?”

దేవ్‌సింగ్ లోపలికి ఒకసారి చూశాడు. నీలా వెనక గదిలో ఉంది. అతను గొంతు తగ్గించాడు.

“మొన్ననే తెచ్చిన అమ్మా. నెల దినాలు ఒక్కన్నే తిరిగిన, ఎవ్వరూ ఇయ్యలె. ఈసారి బిడ్డ కూడ ఎంట వస్తనన్నది. మనకెందుకియ్యరని అది అడిగితే, చూపెట్టడానికి ఏదన్న ఒకటి ఉండాలె కద.”